మొదట రోగి, ఆ తర్వాత కోర్సు
నర్సుల ఉన్నత చదువులు: సందేహాలు - సమాధానాలు

రిజిస్ట్రేషన్ చేతికొచ్చి రెండు మూడేళ్లు వార్డులో పనిచేశాక ప్రతి నర్సునూ ఒక ప్రశ్న తొలుస్తుంది: ఇక్కడితో ఆగుదామా, ఇంకా చదువుదామా? ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే. దాదాపు అందరూ 'దేనికి డిమాండ్ ఉంది?' అని అడిగారు. దానికంటే ముందు మీరు మిమ్మల్ని అడగవలసినవి రెండున్నాయి. ఎలాంటి రోగిని చూసుకుంటున్నప్పుడు మీకు డ్యూటీ ఎప్పుడు అయిపోయిందో తెలియదు? పదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు: మంచం పక్కనా, తరగతి గదిలోనా, పల్లెలోనా, వేరే దేశంలోనా? ఈ రెండింటికీ జవాబు దొరికితే కోర్సు ఎంచుకోవడం తేలికవుతుంది. ఇక ఉత్తరాల్లోకి వెళదాం.

ఐసీయూ వదలాలని లేదు

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి రెండున్నరేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. వెంటిలేటర్ మీద ఉన్న రోగులను చూసుకోవడం నాకిష్టం. ఎమ్మెస్సీ చేస్తే టీచింగ్‌కే వెళ్లాలని సీనియర్లు అంటున్నారు. నర్స్ ప్రాక్టీషనర్ అని ఇంకో కోర్సు ఉందట కదా మేడమ్, నేనేది చేయాలి?
- స్టాఫ్ నర్సు, విజయవాడ

జవాబు: మీకు రోగి మీద స్పష్టత ఉంది కాబట్టి సగం పని అయిపోయింది. మీరు విన్న కోర్సు 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్'. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల పీజీ రెసిడెన్సీ ఇది. బీఎస్సీ నర్సింగ్, రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉండాలి. ఆ అనుభవం క్రిటికల్ కేర్‌లో అయితే మరీ మంచిది. పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, రోగిని పరీక్షించే పద్ధతులు లోతుగా చెబుతారు. సమయంలో ఎక్కువ భాగం ఐసీయూలోనే గడుస్తుంది. వెల్లూరు సీఎంసీ వంటి పెద్ద బోధనాసుపత్రులు దీన్ని నడుపుతున్నాయి.

ఎమ్మెస్సీ నిర్మాణం వేరు. మొదటి ఏడాది నర్సింగ్ ఎడ్యుకేషన్, అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్, పరిశోధన - గణాంకాలు, మీ స్పెషాలిటీ మొదటి భాగం ఉంటాయి. రెండో ఏడాది నర్సింగ్ మేనేజ్‌మెంట్, స్పెషాలిటీ రెండో భాగం, వీటితోపాటు థీసిస్. అంటే బోధన, పరిశోధన, నిర్వహణ, వైద్యసేవ నాలుగూ కలిసిన చదువు. సీనియర్లు టీచింగ్ అనడానికి కారణమిదే. అయితే మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో క్రిటికల్ కేర్‌ను సబ్ స్పెషాలిటీగా తీసుకుని, చదువు అయ్యాక ఐసీయూకే తిరిగి వెళ్లకూడదనే నియమమేమీ లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్లు చాలా రాష్ట్రాల్లో సొంతంగా మందులు రాస్తారు. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. ఆసుపత్రి రాసిపెట్టుకున్న ప్రొటోకాల్స్, స్టాండింగ్ ఆర్డర్స్ పరిధిలోనే పనిచేయాలి. అందుకే చేరేముందు, మీరు పనిచేయాలనుకునే ఆసుపత్రిలో నర్స్ ప్రాక్టీషనర్ అనే పోస్టు నిజంగా ఉందా, ఆ పోస్టులో ఉన్నవారికి ఏ బాధ్యతలు అప్పగిస్తున్నారు అని అడిగి తెలుసుకోండి. జీవితమంతా ఐసీయూలోనే ఉంటానన్న నమ్మకం ఉంటే రెసిడెన్సీ మీకు సరిపోతుంది. ఎప్పుడో ఒకప్పుడు కాలేజీలో చెప్పాలన్న కోరిక ఏ మూలనైనా ఉంటే ఎమ్మెస్సీ తీసుకోండి.

జీఎన్ఎంతో ఎంతదాకా వెళ్లగలను?

ప్రశ్న: నేను జీఎన్ఎం చదివాను. ఆరేళ్ల అనుభవం ఉంది. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. కాలేజీకి వెళ్లక్కర్లేకుండా దూరవిద్యలో ఎమ్మెస్సీ నర్సింగ్ ఇప్పిస్తానని ఒకాయన చెబుతున్నాడు. డబ్బు కట్టమంటారా?
- సూర్యాపేట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కట్టకండి. ఎమ్మెస్సీ నర్సింగ్ రెండేళ్లు రోజూ వెళ్లి చదవాల్సిన రెగ్యులర్ కోర్సు. ఆసుపత్రిలో పోస్టింగులు లేకుండా ఆ డిగ్రీ లేదు. దూరవిద్య పేరుతో ఇచ్చే కాగితాన్ని నర్సింగ్ కౌన్సిల్ అదనపు అర్హతగా నమోదు చేయదు. పైగా జీఎన్ఎం నుంచి నేరుగా ఎమ్మెస్సీకి దారే లేదు. ఆ మాట దాచాడంటేనే ఆయన ఎలాంటివాడో తెలుస్తోంది.

మీకు సరైన దారులు రెండున్నాయి. ఒకటి, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. అది పూర్తయితే మీరు డిగ్రీ నర్సు. అక్కడి నుంచి ఎమ్మెస్సీకి అర్హత వస్తుంది. ఎమ్మెస్సీకి ఏడాది పని అనుభవం అడుగుతారు. పోస్ట్ బేసిక్ చేసినవారికి ఆ అనుభవం కోర్సుకు ముందుదైనా, తర్వాతదైనా పనికొస్తుంది. మీ ఆరేళ్లూ లెక్కలోకి వస్తాయి. అదే నాలుగేళ్ల బీఎస్సీ నేరుగా చదివినవారికైతే ఆ ఏడాది అనుభవం డిగ్రీ తర్వాతే ఉండాలి.

రెండోది, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ - డిజాస్టర్, నియోనేటల్, ఆంకాలజీ, ఆపరేషన్ రూమ్, కార్డియో థొరాసిక్, న్యూరో సైన్స్, సైకియాట్రిక్, జీరియాట్రిక్, ఆర్థోపెడిక్ - రీహాబిలిటేషన్ వంటి విభాగాల్లో ఉన్నాయి. రిజిస్ట్రేషన్, ఏడాది అనుభవం ఉన్న జీఎన్ఎంలు చేరవచ్చు. త్రివేండ్రంలోని శ్రీచిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్ గుండె, న్యూరో విభాగాల్లో ఇలాంటి శిక్షణకు ఏళ్లుగా పేరున్న సంస్థ. కానీ డిప్లొమా డిగ్రీకి బదులు కాదు, దానితో ఎమ్మెస్సీ అర్హత రాదు. చేతికి ఒక విద్య వస్తుంది, ఆ విభాగంలో మీ మాటకు విలువ పెరుగుతుంది.

ఇంకో సంగతి. ఎయిమ్స్ సంస్థలు నర్సింగ్ ఆఫీసర్ల కోసం 2020 నుంచి నిర్వహిస్తున్న నార్సెట్ పరీక్షకు, కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసిన జీఎన్ఎంలు కూడా అర్హులే. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో నియామకాలు దీని ద్వారానే. బాబు చిన్నవాడు, ఇల్లు కదలడం కష్టమనుకుంటే ముందు ఉద్యోగ భద్రత చూసుకుని, ఆ తర్వాత చదువు సంగతి ఆలోచించడంలో తప్పేమీ లేదు.

ఏ స్పెషాలిటీ మంచిది?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. బీఎస్సీ అయి ఏడాదిన్నర అయింది. ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కు చదువుతున్నాను. ఏ బ్రాంచి తీసుకుంటే భవిష్యత్తు ఉంటుంది?
- శ్రీకాకుళం జిల్లా పాఠకురాలు

జవాబు: ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ప్రధాన శాఖలు ఐదు: మెడికల్ సర్జికల్, చైల్డ్ హెల్త్, అబ్‌స్టెట్రిక్స్ - గైనకాలజీ, కమ్యూనిటీ హెల్త్, సైకియాట్రిక్. మెడికల్ సర్జికల్ పెద్ద శాఖ. దాని కింద గుండె - ఛాతీ, క్రిటికల్ కేర్, క్యాన్సర్, న్యూరో, మూత్రపిండాలు, ఎముకలు, జీర్ణకోశం ఇలా ఉపశాఖలున్నాయి.

మీది పలాస ప్రాంతమన్నారు కాబట్టి మీ చుట్టూనే చూడండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో నేను మీకు చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా ఉన్న ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ యంత్రాన్ని నడపడానికి టెక్నీషియన్ ఉంటాడు. ఫిస్టులా చెయ్యిని ఎలా కాపాడుకోవాలి, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి, ఉప్పు ఎందుకు తగ్గించాలి, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అని రోగికి అర్థమయ్యేలా చెప్పి, పాటించేలా చేసేది నర్సు. అదీ ఆ ఊరి మాటలో, ఆ ఊరి తిండి తెలిసి చెప్పగలిగిన నర్సు. ఆ పని మీకంటే బాగా ఎవరు చేయగలరు?

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. డయాలసిస్ దాకా వచ్చిన రోగిని, కిడ్నీ మార్పిడికి ఎదురుచూస్తున్న రోగిని చూసుకోవాలనుంటే నెఫ్రాలజీ వైపు వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో నెఫ్రలాజికల్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ ఉంది. దానికి సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. బీఎస్సీలో 60 శాతం మార్కులు అడుగుతారు. ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం చాలు. ఫీజు నామమాత్రం. జబ్బు ముదరకముందే ఊళ్లలో పట్టుకోవాలి, రక్తపరీక్షలు చేయించాలి, ఎందుకొస్తోందో వెతకడంలో పాలుపంచుకోవాలి అనుకుంటే కమ్యూనిటీ హెల్త్ తీసుకోండి. రెండూ ఒకే జబ్బు మీద పోరాటమే. మీరు ఏ చివర నిలబడతారన్నదే తేడా.

రాష్ట్రంలోనే చదవాలంటే ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు ఇస్తాయి. తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్ నోటిఫికేషన్లను విడిగా చూసుకోవాలి. వీటిని గమనిస్తూ ఉండండి.

సైకియాట్రీ అంటే ఇంట్లో వద్దంటున్నారు

ప్రశ్న: నేను మగ నర్సుని. విద్యార్థిగా మానసిక ఆరోగ్య వార్డులో పోస్టింగ్ చేసినప్పుడు ఆ పని నచ్చింది. సైకియాట్రిక్ నర్సింగ్ చేస్తానంటే 'పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా, పెళ్లి సంబంధాలు కూడా రావు' అని అమ్మానాన్న బాధపడుతున్నారు.
- అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమ్మానాన్నల భయం మీ చదువు గురించి కాదు, ఆ జబ్బు మీద ఊళ్లో ఉన్న చిన్నచూపు గురించి. ఆ చిన్నచూపును తగ్గించడం కూడా మీరు నేర్చుకోబోయే పనిలో భాగమే. ఇంటి నుంచే మొదలుపెట్టండి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి హక్కులను గట్టిగా నిలబెట్టింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్‌తో పాటు నర్సుకూ స్థానముంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా, ఏ ఊరినుంచైనా ఫోన్ చేయవచ్చు. అంటే ఈ సేవ పెద్దాసుపత్రి గోడలు దాటి వచ్చేసింది. మద్యం మాన్పించే కేంద్రాలు, వృద్ధుల మతిమరుపు, పిల్లల ఎదుగుదల సమస్యలు, ఆత్మహత్యల నివారణ, అన్నిచోట్లా శిక్షణ పొందిన నర్సుల అవసరం ఉంది.

చదువుకు మొదట చెప్పాల్సిన పేరు బెంగళూరులోని నిమ్‌హాన్స్. మీ అనంతపురానికి దగ్గర కూడా. అక్కడ సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా రెండూ ఉన్నాయి. రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ కూడా నర్సులకు శిక్షణ ఇస్తోంది. ఇంకా తటపటాయింపు ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోనో, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో పనిచేస్తున్న నర్సులతో అమ్మానాన్నలను ఒకసారి మాట్లాడించండి. ఆ పనిలో ఉన్నవారి నోట విన్న మాట, మీరు వందసార్లు చెప్పినదానికంటే బాగా ఎక్కుతుంది.

ఎమ్మెస్సీ అబ్‌స్టెట్రిక్సా, మిడ్‌వైఫరీయా?

ప్రశ్న: లేబర్ రూమ్‌లో మూడేళ్లుగా చేస్తున్నాను. కాన్పులంటే ఇష్టం. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చివరికి సిజేరియన్‌కే వెళుతున్నారు. మిడ్‌వైఫ్ శిక్షణ గురించి వివరంగా చెప్పండి.
- నల్గొండ జిల్లా నర్సింగ్ ఆఫీసర్

జవాబు: మీ బాధ అంకెల్లోనూ కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. అవసరమైనచోట ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. అవసరం లేనిచోట చేసే ఆపరేషన్ తల్లికి భారం, తర్వాతి కాన్పుకు ముప్పు.

ఈ పరిస్థితిని మార్చడానికే తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశవ్యాప్తంగా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' అనే 18 నెలల కోర్సు ఆ మార్గదర్శకాల ప్రకారం వచ్చిందే. కాన్పుల అనుభవం ఉన్న జీఎన్ఎం, బీఎస్సీ నర్సులిద్దరూ దీనికి అర్హులు. సాధారణ గర్భం ఉన్న తల్లిని నెలల పొడవునా కనిపెట్టుకుని ఉండటం, నొప్పుల సమయంలో వెన్నంటి ఉండి తనకు అనువైన భంగిమలో కాన్పు అయ్యేలా చూడటం, ప్రమాద సంకేతాన్ని సకాలంలో గుర్తించి డాక్టరుకు అప్పగించడం ఈ శిక్షణ సారాంశం.

ఎమ్మెస్సీ అబ్‌స్టెట్రిక్స్ - గైనకాలజీలో హైరిస్క్ గర్భాలు, స్త్రీల వ్యాధులు, నవజాత శిశువు, బోధన, పరిశోధన కూడా ఉంటాయి. లెక్చరర్ కావాలన్నా, పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో నర్సింగ్ విభాగాన్ని నడపాలన్నా అది కావాలి. మీరు కాన్పు మీదే మనసు పెట్టారు కాబట్టి, ప్రభుత్వ సర్వీసులో ఉన్నారు కాబట్టి, ముందు మిడ్‌వైఫరీ శిక్షణకు మీ జిల్లా వైద్యాధికారి ద్వారా ప్రయత్నించండి. సర్వీసులో ఉంటూ చేసే చదువు ఏదైనా, శాఖ అనుమతి ఉత్తర్వు చేతికి వచ్చాకే చేరండి. మాట మీద నమ్మకంతో సెలవు పెట్టి వెళ్లి జీతం, సీనియారిటీ పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.

పల్లె క్లినిక్‌లో పనిచేస్తున్నాను

ప్రశ్న: ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) నాలుగో ఏడాది. బీపీ, షుగర్ రోగులు, గర్భిణులు, పిల్లల టీకాలు అన్నీ చూస్తాను. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేయాలనుంది. ఎమ్మెస్సీ కమ్యూనిటీ హెల్త్ మంచిదా, ఎంపీహెచ్ మంచిదా?
- ప్రకాశం జిల్లా పాఠకురాలు

జవాబు: రెండింటికీ తేడా ఒక్క మాటలో చెప్పవచ్చు. ఎమ్మెస్సీ కమ్యూనిటీ హెల్త్ మిమ్మల్ని నర్సింగ్ వృత్తిలో పైకి తీసుకెళుతుంది. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ మిమ్మల్ని నర్సింగ్ దాటి విశాలమైన రంగంలోకి తీసుకెళుతుంది. నర్సింగ్ కాలేజీలో ఫ్యాకల్టీ కావాలంటే ఎమ్మెస్సీ నర్సింగే ఉండాలి, ఎంపీహెచ్ దానికి చెల్లదు. ఒక జిల్లాలో క్షయ కార్యక్రమం ఎలా నడుస్తోంది, డేటా ఏం చెబుతోంది, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి వంటి ప్రశ్నలు మిమ్మల్ని ఆకర్షిస్తుంటే ఎంపీహెచ్ సరైనది. అక్కడ డాక్టర్లు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు, సోషల్ వర్కర్లతో కలిసి చదువుతారు. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండూ ఎంపీహెచ్ అందిస్తున్నాయి.

మీ దగ్గర ఒక సంపద ఉంది: నాలుగేళ్ల రిజిస్టర్లు. బీపీ మందు మధ్యలో మానేసినవారు ఎందరు, ఎందుకు మానేశారు అని ఇప్పటినుంచే గమనించి రాసుకోండి. ఏ పీజీలో చేరినా మీ థీసిస్‌కు అంశం అక్కడే దొరుకుతుంది.

అమ్మాయిని విదేశానికి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. యూకేలో ఎమ్మెస్సీకి పంపితే అక్కడే నర్సుగా స్థిరపడుతుందని ఒక కన్సల్టెన్సీవారు చెబుతున్నారు. పొలం అమ్మి పంపమంటారా అమ్మా?
- గుంటూరు జిల్లా రైతు

జవాబు: పొలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. యూకేలో మాస్టర్స్ డిగ్రీ చదివినంత మాత్రాన అక్కడ నర్సుగా పనిచేసే హక్కు రాదు. ఆ హక్కు ఇచ్చేది అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. దానికి మీ అమ్మాయి బీఎస్సీ చాలు. ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. ఐఈఎల్‌టీఎస్ అయితే చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 కావాలి. ఓఈటీ రాసినా సరిపోతుంది. తర్వాత కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయవచ్చు. చివరిది ప్రాక్టికల్ పరీక్ష, దాన్ని అక్కడికి వెళ్లి రాయాలి. ఈ దారిలో ఆసుపత్రి ఉద్యోగమిచ్చి తీసుకెళుతుంది. చదువు వీసా మీద వెళితే లక్షల ఫీజు మీరు కట్టాలి, చదువు జరుగుతున్న రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. నర్సు రిజిస్ట్రేషన్ లేనివారికి అక్కడి అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ కోర్సులు అక్కరకు రావు.

అమెరికాదీ అదే వరస. ముందు ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పాసై నర్సుగా లైసెన్సు పొందాలి. ఆ పరీక్షకు హైదరాబాద్‌లోనూ కేంద్రముంది. నర్స్ ప్రాక్టీషనర్ చదువు ఆ తర్వాతి మెట్టు. వలస వీసాకు భారతీయులు ఏళ్ల తరబడి ఆగాల్సి వస్తోందని కూడా గుర్తుంచుకోండి. జర్మనీకైతే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి పంపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఉంది. ప్రైవేటు ఏజెంటు ఎవరైనా సరే, కేంద్రం ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరై ఉన్నారో లేదో చూడకుండా పాస్‌పోర్టు కూడా చేతికివ్వకండి.

అమ్మాయిని ముందు చదువు పూర్తిచేయనివ్వండి. ఒకటి రెండేళ్లు మంచి ఆసుపత్రిలో పనిచేయనివ్వండి. ఆ రోజుల్లోనే ఇంగ్లీషు పరీక్షకు తయారవుతుంది. అప్పుడు ఆమె అనుభవమే పెట్టుబడి అవుతుంది, మీ పొలం మీకే ఉంటుంది.

మార్కులు తక్కువ, కాలేజీ మీద అనుమానం

ప్రశ్న: బీఎస్సీలో 53 శాతం వచ్చింది. ఒక కాలేజీ మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటోంది. తీసుకోవచ్చా?
- నిజామాబాద్ పాఠకుడు

జవాబు: ఎమ్మెస్సీకి కౌన్సిల్ నిర్ణయించిన కనీస మార్కులు 55 శాతం. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. ఆ వర్గాలకు చెందకపోతే మేనేజ్‌మెంట్ సీటుకైనా ఈ నియమం వర్తిస్తుంది. అర్హత లేకుండా చేర్చుకుని తర్వాత చూసుకుందామంటే, రేపు విశ్వవిద్యాలయం దగ్గర ఆగిపోయేది మీరే. మీకు పోస్ట్ బేసిక్ డిప్లొమాలు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, పబ్లిక్ హెల్త్ వంటి దారులున్నాయి. వాటి మార్కుల నియమాలు వేరుగా ఉంటాయి.

అందరికీ పనికొచ్చే మాట ఇంకొకటి. కాలేజీకి ఆరోగ్య విశ్వవిద్యాలయం అఫిలియేషన్ ఉందా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో మీరు చేరబోయే స్పెషాలిటీకి సీట్లు చూపిస్తోందా అని మూడూ సరిచూసుకోండి. ఆ తర్వాత ఒకరోజు స్వయంగా వెళ్లండి. సొంత ఆసుపత్రి ఉందా? పడకల్లో రోగులున్నారా? మీ విభాగం గైడ్ నిజంగా రోజూ కాలేజీకి వస్తున్నారా? రెండో ఏడాది విద్యార్థులను పట్టుకుని థీసిస్ ఎంతవరకు వచ్చిందని అడగండి. వాళ్ల ముఖాల్లోనే జవాబు కనిపిస్తుంది.

నలభై రెండేళ్లకు పాఠాలు చెప్పగలనా?

ప్రశ్న: నేను హెడ్ నర్సుని. వయసు 42. ఎమ్మెస్సీ చేసి ట్యూటర్‌గా మారాలనుంది. ఆలస్యమైందా?
- రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: మీలాంటివారు తరగతి గదికి రావాలని కోరుకునేవారిలో నేనూ ఒకదాన్ని. ఇరవై ఏళ్లు వార్డు నడిపిన మనిషి చెప్పే పాఠంలో పుస్తకంలో లేనివి ఎన్నో ఉంటాయి. అయితే లెక్క వేసుకుని దిగండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి ఎమ్మెస్సీతో పాటు 3 ఏళ్ల అనుభవం, ప్రిన్సిపాల్ స్థాయికి 15 ఏళ్ల అనుభవం అడుగుతారు. అందులో ఎక్కువ భాగం బోధనలోనే ఉండాలి. అంటే మీరు మంచి టీచర్‌గా, అసోసియేట్ ప్రొఫెసర్‌గా స్థిరపడటానికి కావలసినంత సమయం ఉంది. ప్రిన్సిపాల్ కుర్చీయే గురి అయితే సమయం తక్కువ. నోటిఫికేషన్‌లో వయసు నిబంధన మొదటే చూసుకోండి. తర్వాత పీహెచ్‌డీ ఆలోచన వస్తే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి నడిపే నేషనల్ కన్సార్టియం వివరాలు తెలుసుకోండి.

చదివి వచ్చినా అదే వార్డు, అదే పని

ప్రశ్న: కష్టపడి పీడియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేశాను. తిరిగి వచ్చాక నన్ను మగవాళ్ల సర్జికల్ వార్డులో వేశారు. జీతం అంతే, హోదా అంతే. ఇంత చదువు ఎందుకు చదివానా అని ఏడుపొస్తోంది మేడమ్.
- పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ బాధ మీ ఒక్కరిదే కాదు. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల పదోన్నతులు సీనియారిటీ మీద నడుస్తాయి. స్పెషాలిటీ చదివిన నర్సుకు మంచం పక్కనే ఉండి ఎదిగే హోదా లేదు. దాంతో ఎమ్మెస్సీ చేసినవారు కాలేజీలకో, విదేశాలకో వెళ్లిపోతున్నారు. ఏ రోగి కోసం చదివారో ఆ రోగికే వారు దూరమవుతున్నారు. ఇది వ్యవస్థ సరిచేయాల్సిన లోపం. 2023లో పార్లమెంటు పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. స్పెషలిస్టు నర్సుకు విడిగా పోస్టు, విడిగా జీతం అన్న మాటను మన సంఘాలు ఈ మార్పుల సమయంలోనే గట్టిగా వినిపించాలి.

ఈలోగా మీరు చేయగలిగింది ఉంది. ఎమ్మెస్సీని అదనపు అర్హతగా రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు చేయించి, ఆ కాగితం జతచేసి పిల్లల విభాగానికి బదిలీ కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. నవజాత శిశువుల యూనిట్‌లో మీరు ఏం చేయగలరో అందులో స్పష్టంగా రాయండి: సిబ్బందికి కంగారూ మదర్ కేర్ నేర్పడం, చేతుల శుభ్రతపై ప్రతివారం తనిఖీ, సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్ల లెక్క. మీ ఆసుపత్రి ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం వెళుతుంటే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు తప్పనిసరి, ఆ బాధ్యత అడగండి. ఉన్న సర్జికల్ వార్డులోనే ఒక పని మొదలుపెట్టండి. కదలకుండా పడుకోవడం వల్ల పుండ్లు పడే రోగులు నెలకెందరో లెక్క రాసి, వేళకు పక్కకు తిప్పి పడుకోబెట్టే పద్ధతి పెట్టి, మూడు నెలల తర్వాత మళ్లీ లెక్క చూపించండి. పరిశోధన - గణాంకాల పేపరు చదివింది దీనికే. అంకెలతో వచ్చిన నర్సు మాటను తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం.

సూపరింటెండెంట్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు కూడా ఈ శీర్షిక ద్వారా ఒక విన్నపం. మీ సిబ్బందిలో పీజీ చేసినవారు ఎందరున్నారు, ఎవరు ఏ స్పెషాలిటీ చదివారు, ఇప్పుడు ఏ వార్డులో ఉన్నారు అని ఒక జాబితా రాయించండి. పిల్లల నర్సును పిల్లల దగ్గరికి, క్యాన్సర్ నర్సును క్యాన్సర్ వార్డుకు మార్చడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు. వచ్చే నెల డ్యూటీ రోస్టర్ వేసేటప్పుడే ఆ పని చేయండి.